కట్టించిన గుడిలోనే పాడనివ్వలేదు!

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ధర్మపురిలో గోదావరి ఒడ్డున పాట పాడటానికి ఏ ఆడపిల్లా ఎవరి అనుమతీ అడగదు. చిన్నా పెద్దా అందరూ బతుకమ్మల చుట్టూ తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ పాడతారు. గొంతు బాగున్నా సరే, లేకపోయినా సరే! చీకటి పడ్డాక బతుకమ్మలను నీళ్ళలో వదిలి, సద్దులు పంచుకుని ఇళ్ళకు మళ్ళుతారు. మగవాళ్ళు ఎడంగా నిలబడి చూడవలసిందే.

ఏటి ఒడ్డున పాటల పండుగ జరిగే ఊరు మరొకటి ఉంది. తమిళనాడులో తంజావూరుకు దగ్గర, కావేరి పక్కన... తిరువయ్యారు. ఆ పేరుకు అర్థమే ఐదు ఏళ్ళ ఊరు. త్యాగరాజస్వామి బతికిందీ, కన్నుమూసిందీ అక్కడే. ఇంటిపేరు కాకర్ల వారు. పాడిందంతా దాదాపు తెలుగులోనే. మన ధర్మపురి నరసింహస్వామి భక్తులకు దగ్గరైన మాట ఇంకొకటి చెప్పాలి. ప్రహ్లాదుడి కథను గేయనాటకంగా రాసినది కూడా ఆయనే. ఏటా పుష్య బహుళ పంచమి నాడు, అంటే సంక్రాంతి అటూ ఇటూగా, దేశంలోని సంగీత విద్వాంసులంతా అక్కడికి చేరి, నేల మీద బారులు తీరి కూర్చుని, ఆయన పంచరత్న కీర్తనలు కలిసి పాడతారు. టీవీలో మీరూ చూసే ఉంటారు. మగవాళ్ళ వరసలకు ఎదురుగా పట్టుచీరల్లో గాయనీమణుల వరసలు! చూస్తుంటే అవి స్వామివారి కాలం నుంచీ ఉన్నాయేమో అనిపిస్తుంది.

లేవు. ఆ వరసలో ఆడవాళ్ళకి చోటు రావడానికి ఒక మనిషి తన నగలమ్ముకోవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి పోట్లాడవలసి వచ్చింది. ఆమే బెంగుళూరు నాగరత్నమ్మ.

తండ్రి వదిలేసిన పిల్ల

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరుకు దగ్గర్లోని నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన తల్లినీ బిడ్డనూ వదిలేసి తన దారి తాను చూసుకున్నాడు. దిక్కులేని ఆ తల్లీబిడ్డలను మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే సంస్కృత పండితుడు చేరదీశాడు. పిల్లకు సంస్కృతం చెప్పాడు, సంగీతం చెప్పించాడు. కొన్నాళ్ళకు ఆయనా చెయ్యి వదిలేశాడు. అయిదేళ్ళు వచ్చేసరికే ఆ పిల్లను కులాచారం ప్రకారం దేవదాసిగా చేశారు.

తర్వాత వాళ్ళు వెంకటస్వామప్ప అనే బంధువు నీడకు చేరారు. ఆయన వృత్తి ఫిడేలు వాయించడం. ఇంట్లో ఫిడేలు మోగుతుంటే పిల్ల ఊరుకుంటుందా! ఫిడేలు పట్టింది. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు నేర్చింది. నాట్యం నేర్చింది. మునుస్వామప్ప అనే గురువు దగ్గర కర్ణాటక సంగీతం చెప్పుకుంది. ఈ మునుస్వామప్ప త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందినవాడు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

దేవదాసి అంటే నేటి పిల్లలకు ఒకే ఒక అర్థం తోస్తుంది. నిజానికి ఆ రోజుల్లో గడప దాటి చదువుకునే ఆడది, కావ్యాలు తిరగేసే ఆడది, తన పేరున ఆస్తి ఉండి దాన్ని కూతురికి ఇచ్చుకోగలిగే ఆడది దాదాపుగా దేవదాసి ఒక్కతే. సంసారి స్త్రీకి అవేవీ లేవు. అయితే ఆ చదువుకు కట్టిన ఖరీదు ఏమిటన్నది కూడా మరచిపోకూడదు. దేవుడి పేర పెళ్ళి, ఏ మగవాడి దయ మీదనో బతుకు. పుట్టలక్ష్మి కథే దానికి సాక్ష్యం.

పదిహేనేళ్ళు వచ్చేసరికి నాగరత్నమ్మ పండితుల సభలో ఫిడేలు వాయించింది, నాట్యం చేసింది. మైసూరు ఆస్థానం ఆదరించింది. తర్వాత బెంగుళూరు చేరింది. ఊరిపేరు పేరు ముందు అతుక్కుంది. బొబ్బిలి, విజయనగరం సంస్థానాల్లోనూ ఆమె పాటకు మన్నన దొరికింది. అక్కడినుంచి మద్రాసు. మైసూరు హైకోర్టు జడ్జి నరహరిరావు గారు ఆమె పాటను మెచ్చి, ఇంత విద్య ఉన్నదానివి మద్రాసులో ఉండాలని సలహా ఇచ్చారు.

మద్రాసులో ఆమె దశ తిరిగింది. గ్రామఫోను కొత్తగా వచ్చిన రోజుల్లోనే రికార్డులిచ్చిన గాయనుల్లో ఆమె ఒకరు. ఎక్కడెక్కడ పాడిందీ డైరీలో రాసుకునే అలవాటుండేది. 1905 నుంచి 1934 వరకు పన్నెండు వందలకు పైగా కచేరీలు లెక్క తేలాయి. రైళ్ళూ ఎడ్లబళ్ళే గతి అయిన ఆ కాలంలో, మైకులు లేని కాలంలో! మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆమేనని చెబుతారు. పన్ను కట్టేంత సంపాదన ఆడదానికి ఉండటమే వింత. దాన్ని దాచకుండా లెక్క చూపించడం ఇంకో వింత.

ముద్దుపళని కోసం

పాటగత్తెగా పేరూ డబ్బూ వచ్చాక హాయిగా కూర్చోవచ్చు. ఆమెకు పుస్తకాల పిచ్చి. తెలుగు కావ్యాలు వెతికి వెతికి చదివేవారు. ఆ వెతుకులాటలో ముద్దుపళని పేరు కంటబడింది.

తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలిన కాలంలో (1739-63) ముద్దుపళని ఆ కొలువులోని కవయిత్రి. ఆమే దేవదాసి. రాజులు మరాఠీవాళ్ళు, ప్రజలు తమిళులు, కవిత్వం మాత్రం తెలుగు. తంజావూరు చిత్రమే అది! ఆమె రాసిన కావ్యం రాధికా సాంత్వనం. తన చేతుల మీద పెంచిన ఇళను రాధ తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తర్వాత ఆ దూరం తట్టుకోలేక కుమిలిపోతుంది, అలుగుతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాలి. శృంగార కావ్యాల్లో మగవాడి కోరికే కథ నడపడం మనకు అలవాటు. ఇందులో కోరికా రాధదే, కోపమూ రాధదే.

పుస్తకం 1887లో ఒకసారి అచ్చయింది. నాగరత్నమ్మకు దొరికిన అచ్చుప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయి. కవయిత్రి తనను గురించి, తన వంశంలోని ఆడవాళ్ళను గురించి చెప్పుకున్న భాగం కూడా లేదు. ఆమె రాతప్రతి సంపాదించి, పక్కపక్కన పెట్టుకుని సరిచూసి, 1910లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వారిచేత మొత్తం కావ్యాన్ని అచ్చు వేయించారు. 584 పద్యాలు.

అప్పటికే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన కవుల చరిత్రలో ముద్దుపళనికి పాండిత్యం ఉందని ఒప్పుకుంటూనే, ఆడది నోట పలకరాని, చెవిన వినరాని రాతలు రాసిందని ఈసడించి ఉన్నారు. వితంతు వివాహాలు చేసిన మహానుభావుడు, ఆడపిల్లలకు బడి పెట్టినవాడు! ఆయన మాటంటే ఆంధ్రదేశంలో తిరుగుండేది కాదు. నాగరత్నమ్మ తన పీఠికలో ఆయనకు నిర్భయంగా జవాబు చెప్పారు. సిగ్గు ఆడవాళ్ళకే గాని మగవాళ్ళకు అక్కర్లేదా, ఇంతకంటే పచ్చిగా రాసిన మగకవుల పుస్తకాలను పెద్దలు పరిష్కరించి అచ్చు వేయడం లేదా అన్నది ఆమె ప్రశ్న సారాంశం. నాకు పంతులుగారంటే ఎంత గౌరవమున్నా, ఆ ప్రశ్నకు ఆయన పక్షాన ఏం చెప్పాలో తోచదు.

జవాబు ప్రభుత్వం నుంచి వచ్చింది. 1911లో మద్రాసు పోలీసులు పుస్తకం అశ్లీలమన్నారు, ప్రతులు పట్టుకుపోయారు. పండితులు వినతిపత్రాలు పెట్టుకున్నా లాభం లేకపోయింది. వావిళ్ళవారు పట్టువదలక పోరాడారు. ముప్ఫై అయిదేళ్ళు గడిచాయి. చివరికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చు వేశారు. 2011లో ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. ముప్ఫై రెండేళ్ళ వయసులో ఆమె మొదలుపెట్టిన పని, ఆమెకు డెబ్భై దగ్గరపడుతుండగా తీరింది.

తుప్పల మధ్య సమాధి

ఇప్పుడు తిరువయ్యారు సంగతికి వద్దాం.

త్యాగరాజస్వామి 1847లో కన్నుమూశారు. చివరి రోజుల్లో సన్యాసం తీసుకున్నారు కనుక దహనం చేయకుండా కావేరి ఒడ్డున సమాధి చేశారు. శిష్యులు తలో ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. సమాధి దగ్గర ముళ్ళకంపలు పెరిగాయి. 1903 ప్రాంతంలో ఉమయాళ్పురం భాగవతార్లు వచ్చి, చోటు వెతికి, బాగుచేసి వెళ్ళారు. ఆ తర్వాత ఆరాధనలు మొదలయ్యాయి. ఆరాధనలతోపాటు తగాదాలూ మొదలయ్యాయి. విద్వాంసులు రెండు జట్లుగా చీలారు. పెద్ద జట్టు, చిన్న జట్టు అని వాటికి పేర్లు కూడా! ఒకే స్వామికి, ఒకే ఊళ్ళో, రెండు వేర్వేరు ఉత్సవాలు. పందిళ్ళు వేరు, భోజనాలు వేరు. ఎవరి చందాలు వారివి. కచేరీలు ఘనంగా జరుగుతున్నాయి, సమాధి మాత్రం మళ్ళీ పాడుబడుతోంది. సంగీతం మనసులను కలుపుతుందంటారు గాని, సంగీత విద్వాంసుల మనసుల సంగతి వేరు కాబోలు!

రెండు జట్లకూ ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది. ఆడవాళ్ళు పాడకూడదు.

1920 ప్రాంతంలో, సమాధి ఎంత అధ్వాన్నంగా ఉందో చెబుతూ నాగరత్నమ్మకు గురువు దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది. గురుపరంపర మాట గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ లెక్కన త్యాగరాజస్వామి ఆమెకు తాతగురువుల వరస. సొంత తాత సమాధి తుప్పల్లో పడి ఉందంటే ఎలా ఉంటుందో ఆమెకూ అలాగే అనిపించి ఉండాలి. వెంటనే తిరువయ్యారు వెళ్ళారు.

స్థలం వేరేవాళ్ళ చేతిలో ఉంది. మాట్లాడి సంపాదించారు. 1921 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. సమాధి చుట్టూ గుడి, గుడిలో స్వామి విగ్రహం... కచేరీ డబ్బు చాలలేదు. నగలు అమ్మారు. ఆస్తి అమ్మారు. ఏళ్ళ తరబడి గొంతు చించుకుని కూడబెట్టిన సొమ్ము అక్కడ ఇటుకా సున్నమూ అయింది. 1926 నాటికి గుడి లేచి ప్రతిష్ఠ జరిగింది. నిత్యపూజకు ఏర్పాటు చేశారు. పూజలో చదవడానికి సంస్కృతంలో నూట ఎనిమిది నామాలతో అష్టోత్తరం తానే రాశారు.

ఇంత చేశాక ఆమె అడిగిందల్లా ఒక్కటే. ఆ గుడి ముందు కూర్చుని స్వామి కథ హరికథగా చెప్పుకుంటాను అని.

వద్దన్నారు!

గుడి కట్టిస్తుంటే ఏ జట్టూ అడ్డు చెప్పలేదు. డబ్బు దేవదాసిదైతే పనికొచ్చింది. పాట దేవదాసిదైతే పనికిరాలేదు. ఇందులో తర్కం ఏమిటని అడిగినవాళ్ళు ఆ విద్వాంసుల్లో ఒక్కరూ లేకపోయారు.

గుడి వెనక మూడో జట్టు

మనమైతే ఏం చేసేవాళ్ళం? ఏడ్చి ఊరుకునేవాళ్ళమా? గుడికి తాళం వేసి, నా గుడి నా ఇష్టం అనేవాళ్ళమా? అంత హక్కూ ఆమెకు ఉంది.

నాగరత్నమ్మ ఆ రెండూ చేయలేదు. 1927లో తనలాంటి గాయనులను, దేవదాసీలను కూడగట్టారు. గుడి వెనకవైపు చోటు చూసుకుని వాళ్ళ ఆరాధన వాళ్ళు మొదలుపెట్టారు. ముందు మగవాళ్ళు పాడుతుంటే వెనక ఆడవాళ్ళు. దీనికి జనమే పేరు పెట్టేశారు... ఆడవాళ్ళ జట్టు! అప్పటికి రెండు ఉత్సవాలు ఉంటే ఇప్పుడు మూడు. ఆమె హరికథ చెబుతుంటే, మిగతా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పాడుతుంటే, ముందువైపు పందిట్లోంచి జనం మెల్లగా లేచి వెనక్కి రాకుండా ఉంటారా?

ఇలా ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. దాదాపు పద్నాలుగేళ్ళు.

ఈ మధ్యలోనే ఇంకో తగువు వచ్చింది. అందులో నాగరత్నమ్మ పక్షం ఏమిటో చెబితే మనలో చాలామందికి నచ్చకపోవచ్చు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరు వినని వారుండరు. బ్రిటిష్ ఇండియాలో శాసనసభలో అడుగుపెట్టిన తొలి మహిళ. ఆమె తల్లి కూడా దేవదాసి. పసిపిల్లలను గుడికి అప్పగించే ఆచారం పోవాలని ఆమె 1927 నుంచి శాసనమండలిలో పట్టుబట్టారు. నాగరత్నమ్మ దీన్ని వ్యతిరేకించారు. మద్రాసు దేవదాసీలు సంఘం కట్టి ప్రభుత్వానికి అర్జీలు పెట్టినప్పుడు వాళ్ళ ముందు నిలబడ్డారు. తమను వేశ్యలతో ఒకే గాట కట్టడం అన్యాయమనీ, తమది కళ అనీ, మాన్యాలు పోతే తమ బతుకులేమవుతాయో చూడాలనీ వాళ్ళ వాదన.

ఎవరిది సరైన మాట? మన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో జోగిని ఆచారం ఏం చేసిందో ఎరిగినవాళ్ళకు ముత్తులక్ష్మిగారి ఆవేదన ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ దాన్ని ఆపడానికి 1988లో చట్టం తేవలసి వచ్చింది. అయిదేళ్ళ పిల్ల మెడలో దేవుడి పేర తాళి కట్టడాన్ని ఏ కళా కడగలేదు. ఆ పిల్లల్లో నాగరత్నమ్మ కూడా ఒకరు కదా! అలాగని ఆమె మాటను కొట్టిపారేయడానికీ మనసొప్పదు. చట్టం తెచ్చినవాళ్ళు గుడి నుంచి వాళ్ళను బయటికి పంపాక ఏ ఇంటికి పోవాలో చెప్పలేదు. వాళ్ళ పాటలూ ఆటలూ తర్వాత కులీనుల ఇళ్ళలో పట్టుపావడాల మీదకు చేరాయి. వాళ్ళు మాత్రం పేర్లు మార్చుకుని ఊళ్ళు మారారు. 1947లో మద్రాసులో చట్టం వచ్చేనాటికి నాగరత్నమ్మ ముసలివారైపోయారు.

తిరువయ్యారులో మాత్రం ఆమె పంతం నెగ్గింది. మూడు ఉత్సవాలు చూసి చూసి జనానికి విసుగొచ్చింది. ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి పూనుకుని అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. 1941 నుంచి ఒకే ఆరాధన. ఆడవాళ్ళూ మగవాళ్ళూ అందరూ అందులో పాడవచ్చు. పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడే పద్ధతి స్థిరపడింది కూడా ఈ రాజీతోనే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... ఐదు రాగాలు, ఐదు కీర్తనలు. మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. అందరూ ఒకేసారి పాడితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న గొడవే ఉండదు. ఎవరికి తట్టిందో గాని మంచి ఉపాయం!

ఈ రోజు టీవీలో చూసి మనం మురిసిపోయే ఆ దృశ్యానికి వయసు అంతే. స్వామివారి కాలం నాటిది కాదు.

చివరి రోజుల్లో ఆమె మద్రాసు వదిలి తిరువయ్యారులోనే కాపురం పెట్టారు. బంగారం లేదు, బంగళా లేదు. గుడి, పూజ, వచ్చినవాళ్ళకు కాసిని పాటలు. రాయడం మానలేదు. ఆమె తెలుగులో రాసిన వాటిలో తాగుడు గురించి ఒక పుస్తకం కూడా ఉంది. త్యాగసేవాసక్త అని బిరుదిచ్చారు. మిగిలిన ఆస్తికి విల్లు రాశారు. అదంతా స్వామి సేవకే. అయితే ఒక షరతు పెట్టారు. ఆరాధనలో ఆడవాళ్ళు, దేవదాసీలతో సహా, పాడటానికి అడ్డు ఉండకూడదు. రాజీ కుదిరి ఏళ్ళు గడిచినా ఆమె కాగితం మీద పెట్టకుండా ఉండలేదు. చిన్ననాటి నుంచీ మాట ఇచ్చి తప్పినవాళ్ళను చూసిన మనిషి మరి!

1952 మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు. డెబ్భై నాలుగో ఏడు నడుస్తోంది. స్వామి సమాధికి దగ్గర్లోనే ఆమెకూ సమాధి కట్టారు. అక్కడ ఆమె విగ్రహం, గుడివైపు ముఖం పెట్టి, చేతులు జోడించుకుని కూర్చుని ఉంటుంది. లోపల పూజారి అర్చన చేసేటప్పుడు చదివేది ఆమె రాసిన అష్టోత్తరమే.